హీరోల ఆటలో మా అబ్బాయి పెట్టిన 74 వేలు తిరిగొస్తాయా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది మందస మండలంలో ఒక పల్లె. మా ఆయన ముంబయిలో బిల్డింగ్ పనిలో ఉన్నారు. నెలనెలా డబ్బు నా ఖాతాకే పంపుతారు. మా గుంటడికి పదహారేళ్లు, పలాసలో ఇంటర్ మొదటి ఏడు ఇప్పుడే అయింది. నా ఫోన్‌లో ఏదో హీరోల ఆట ఆడుతూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా 74 వేల రూపాయలు పెట్టేశాడు. కొబ్బరి తోటలో బోరు వేయించడానికి దాచుకున్న డబ్బు అది. బ్యాంకుకు వెళ్తే, పిన్ మీరే చెప్పారు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. ఫోన్ హ్యాక్ అయిందని సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తే డబ్బు వెనక్కొస్తుందని ఒకతను చెబుతున్నాడు. ఆ ఆట ఖాతాను 12 వేలకు కొంటామని ఇంకొకరు అడుగుతున్నారు. ఫోన్ పగలగొట్టెయ్యమని మా ఆయన అంటున్నారు. ఇది జూదమే కదా, కేసు పెట్టవచ్చా? పిల్లాడు రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఫోన్ సంగతి చెబుతాను. దాన్ని పగలగొట్టవద్దు, ఆటను డిలీట్ చెయ్యవద్దు. మీకు రావలసిన డబ్బుకు సాక్ష్యమంతా అందులోనే ఉంది. ఎప్పుడు ఏం కొన్నాడు, ఆ కొనుగోలు నంబరు ఏమిటి, ఆటలో మీ వాడి ఖాతా నంబరు ఏమిటి, అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. ఈ మాట మీ ఆయనకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు పూర్తిగా చూశాను. ఈ ఆట ఎలా నడుస్తుందో మీకూ తెలియాలి, ఎందుకంటే రేపు వినియోగదారుల కమిషన్ ముందు చెప్పవలసింది మీరే. ఇది ఆడకపోయినా నడుస్తూ ఉండే రకం ఆట. ఫోన్ జేబులో ఉన్నా హీరోలు యుద్ధం చేస్తూనే ఉంటారు. పొద్దున లేచి తెరిస్తే బంగారం, రత్నాలు పోగుపడి ఉంటాయి. ఐదుగురు హీరోలను ముందు వరుసలో ఇద్దరు, వెనక ముగ్గురుగా నిలబెట్టాలి. ఒకే జాతి వాళ్లను కలిపి పెడితే బలం పెరుగుతుంది. అక్కడివరకు పైసా ఖర్చు లేదు, తెలివిగా ఆడే పిల్లలకు సరదాగానే ఉంటుంది. కొన్ని దశలు దాటాక జట్టు ముందుకు కదలదు. కొత్త హీరో కావాలి, వచ్చిన హీరోనే బలపరచాలంటే అదే కార్డు మళ్లీ మళ్లీ రావాలి. ఆ కార్డులు తీసే పెట్టెలో ఏది వస్తుందో ముందు తెలియదు. పెట్టె తెరవడానికి రత్నాలు కావాలి, రత్నాలకు డబ్బు కావాలి.

ఒక లెక్క చెబుతాను. ఒక హీరో వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. వంద పెట్టెలు తెరిస్తే తప్పకుండా వస్తుందని పిల్లలు అనుకుంటారు. అలా రాదు. వంద పెట్టెలు తెరిచిన నూరు మందిలో దాదాపు 37 మందికి ఆ హీరో ఒక్కసారి కూడా రాడు.

మీ స్టేట్‌మెంటులో ఫిబ్రవరి 14 రాత్రి 11.40 నుంచి 12.25 లోపల 899 రూపాయల చొప్పున ఏడుసార్లు డబ్బు పోయింది. ముప్పావుగంటలో 6,293 రూపాయలు. ఆ డబ్బుతో కొన్న ప్యాకెట్ స్క్రీన్‌షాట్ మీద ఎర్ర అక్షరాల్లో ఆఫర్ ముగియడానికి ఇంకా 1 గంట 12 నిమిషాలు అని ఉంది. నాలుగు రోజుల తర్వాత తీసిన ఇంకో స్క్రీన్‌షాట్‌లో అదే ప్యాకెట్, అదే ధర, మళ్లీ గడియారం తిరుగుతోంది. ఈ రెండు బొమ్మలూ జాగ్రత్త చెయ్యండి. అబద్ధపు తొందర పెట్టి కొనిపించడం కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్ 30న తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే పద్ధతులు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో ఒకటి.

ఇక చట్టం. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండనివారు మైనర్లు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. చేసుకున్నా అది మొదటినుంచీ చెల్లదని 1903లో, అప్పటికి మనకు అన్నిటికన్నా పై కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మోహరీ బీబీ కేసు అంటారు, లా చదివే ప్రతివాడూ మొదటి సంవత్సరంలోనే నేర్చుకునేది. అందులో మీకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు 1895లో తన ఇళ్లను 20 వేల రూపాయలకు తనఖా పెట్టాడు. అంతకు ముందే అతని తల్లి, మా అబ్బాయి ఇంకా మైనరు, అప్పిస్తే మీ పూచీ మీదే ఇవ్వండి అని అప్పిచ్చేవారి తరఫు వకీలుకు నోటీసు పంపించింది. అతను పట్టించుకోకుండా తనఖా రాయించాడు. కేసు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి అప్పిచ్చినవాళ్లు ఓడిపోయారు. మైనరని తెలిసి కూడా ఇచ్చారు కాబట్టి, అతను వయసు దాచాడన్న వాదన కూడా వాళ్లకు నిలబడలేదు.

మీరు చెయ్యవలసింది ఆ తల్లి చేసిన పనే. ఆట ఆడుతున్నది మైనరని మీరు రాసి పంపిన రోజు నుంచి, మాకు తెలియదని కంపెనీ చెప్పలేదు.

మీ పక్షాన ఉన్న బలహీనత కూడా చెప్పాలి, లేకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టు. పిల్లాడు ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం తప్పు వేశాడని మీరే రాశారు. డబ్బు పోయింది మీ ఖాతా నుంచి, పిన్ మీది. కొన్నది తల్లే అని వాళ్లంటారు. పైగా రత్నాలు వాడేసుకున్నాడు, వాడుకున్న సరుకుకు డబ్బు ఎలా వెనక్కివ్వాలి అనీ అడుగుతారు. ఈ రెండో వాదనకు కోర్టుల్లో కొంత బరువు ఉంది. అందుకే మైనరు అన్న ఒక్క మాట మీదే నిలబడకుండా, అబద్ధపు గడియారం, రాత్రిపూట వరుస కొనుగోళ్లు చూపించి అనుచిత వ్యాపార పద్ధతి అని కూడా అడగాలి. మొత్తం 74 వేలూ వస్తాయని నేను మాట ఇవ్వలేను. కొంత వస్తుందన్న నమ్మకం మాత్రం ఉంది. ఈ మధ్య కొన్నవాటికి ఆశ ఎక్కువ.

మొదట ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగండి. కుటుంబంలోని పిల్లాడు నా అనుమతి లేకుండా కొన్నాడు అని చెప్పుకోవడానికి ప్లే స్టోర్‌లో వీలుంది. కొన్న 48 గంటల్లోపు అయితే స్టోరే చూస్తుంది, అది దాటితే ఆట తయారుచేసినవాళ్లను అడగమంటుంది. మీకు చాలావాటికి ఆ గడువు దాటింది. అయినా ప్రతి కొనుగోలుకూ విడివిడిగా అడగండి, కాదంటే ఆ కాదన్న జవాబు కూడా మనకు కాగితమే.

తర్వాత ఆట కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి, స్టోర్ గ్రీవెన్స్ అధికారికి ఒకేసారి ఈమెయిల్ పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. విదేశీ కంపెనీ అయినా మన దేశంలో క్రమపద్ధతిలో అమ్ముతుంటే ఈ నిబంధనలు వర్తిస్తాయి. ఉత్తరంలో అబ్బాయి పుట్టినతేదీ, ఆటలో అతని ఖాతా నంబరు, కొనుగోళ్ల జాబితా, మొత్తం సొమ్ము, నా అనుమతి లేదు అన్న మాట, ఇకపై ఈ ఖాతాకు ఏదీ అమ్మవద్దు అన్న హెచ్చరిక ఉండాలి. వయసుకు టెన్త్ మార్కుల మెమో జత చెయ్యండి. ఇంగ్లిషులో రాయించుకుంటే వేగంగా పని అవుతుంది, పలాసలో నెట్ సెంటర్ వాళ్లయినా, పిల్లాడి కాలేజీ లెక్చరర్ అయినా సాయం చేస్తారు.

నెల గడిచినా తేలకపోతే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే వెయ్యవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. మైనరు తరఫున తల్లి ఫిర్యాదు చెయ్యవచ్చని చట్టంలోనే ఉంది. డిజిటల్ సరుకుల అమ్మకం కూడా ఈ చట్టం కిందకే వస్తుంది. 5 లక్షల లోపు సొమ్ముకు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చెయ్యవచ్చు, వీడియోలో హాజరు కావడానికి అడగవచ్చు. కాబట్టి ప్రతి వాయిదాకూ పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి పరుగెత్తవలసి వస్తుందని భయపడకండి. ఆట కంపెనీ విదేశంలో ఉంటే దాని నుంచి వసూలు చెయ్యడం కష్టం. అందుకని డబ్బు తీసుకున్న స్టోర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి. గొడవ వస్తే ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని ఆట షరతుల్లో రాసి ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదు, 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. కేసుకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా చూడండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది.

ఇలాంటి డబ్బు వెనక్కి రావడం కొత్త సంగతి కాదు. అమెరికాలో పిల్లలు తల్లిదండ్రులకు తెలియకుండా ఫోన్ ఆటల్లో కొన్నవాటికి 2014లో యాపిల్ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు, గూగుల్ కనీసం కోటీ 90 లక్షల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందాలు మన కమిషన్‌ను కట్టడి చెయ్యవు, కానీ మీరు అడుగుతున్నది విడ్డూరం కాదని చెప్పడానికి పనికొస్తాయి.

1930 విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ పని చెయ్యవద్దు. హ్యాక్ కాలేదు. కొన్నది మీ ఫోన్‌లో, మీ ఇంట్లో, మీ వాడి వేలితో. అది రికార్డుల్లో పది నిమిషాల్లో బయటపడుతుంది. అధికారికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 10 వేల దాకా జరిమానా పడగల నేరం. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. హ్యాక్ అయిందని ఒకచోట, పిల్లాడు ఆడాడని ఇంకోచోట చెబితే మీ నిజమైన కేసు కూడా పోతుంది. మీ దగ్గరున్న బలమంతా వాడు మైనరన్న నిజమే. బ్యాంకు మాట కూడా తప్పు కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పిన్ మనమే చెప్పినప్పుడు, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. గ్యాస్‌కు కట్టు బాబూ, రీచార్జ్ చెయ్యి బాబూ అని పిల్లలకు పిన్ చెప్పని ఇల్లు ఇప్పుడు లేదు, మిమ్మల్ని తప్పుపట్టను. పిన్ ఈరోజే మార్చండి. యూపీఐ యాప్‌లో ఆటోపే కింద ఏమైనా ఉంటే రద్దు చెయ్యండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టించండి.

12 వేలకు ఖాతా అమ్మకండి. ఖాతా అమ్మడం సాధారణంగా ఇలాంటి ఆటల షరతులకు విరుద్ధం, బ్లాక్ చేస్తే కొన్నవాడు మీ ఇంటి మీదకు వస్తాడు. పైగా ఆ ఖాతా మీ ఈమెయిల్‌తో కలిసి ఉంది. దాన్ని అప్పగించడానికి ఓటీపీ చెప్పమంటారు, దాంతో మీ ఫోటోలు, కాంటాక్టులు కూడా వాళ్ల చేతికి పోతాయి. ఒకపక్క రీఫండ్ అడుగుతూ ఇంకోపక్క ఖాతా అమ్మితే అది మోసమే.

జూదమా అని అడిగారు. మన రాష్ట్రం 1974 గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి డబ్బు పందేలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం కూడా నిషేధించింది డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టే ఆటలనే. మీ వాడి హీరో ఎంత బలవంతుడైనా ఆట లోపల రూపాయిగా మారడు కాబట్టి, పోలీసులు దీన్ని జూదం కేసుగా తీసుకుంటారని నేను అనుకోను. బెల్జియం 2018లో డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలను జూదమే అంది. మన చట్టమూ అక్కడికి రావాలని నా అభిప్రాయం. కానీ మీ డబ్బు కోసం ఆ దారి పట్టకండి. పిల్లాడి మీద కేసు పడుతుందేమోనన్న టెన్షన్ కూడా పెట్టుకోకండి.

ఇక అన్నం తినని సంగతి. వాడు చేసింది తప్పే, వాడికీ తెలుసు. కానీ నాలుగు నెలలు పెద్ద కంపెనీ పదహారేళ్ల కుర్రాడితో ఆడిన ఆట ఇది, తప్పంతా వాడి నెత్తిన వెయ్యకండి. గదిలో ఒంటరిగా వదలవద్దు. మాట్లాడకపోయినా, చచ్చిపోతాననే మాట ఒక్కసారి అన్నా, మానసిక సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రీఫండ్ వస్తే ఆ డబ్బుతో తీసిన హీరోలను కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు, ఖాతానే మూసెయ్యవచ్చు. ఇది ముందే వాడికి చెప్పి ఒప్పించండి. తర్వాత కొనుగోళ్ల జాబితా రాయడానికి వాడినే కూర్చోబెట్టండి. తేదీ, సమయం, సొమ్ము, కొనుగోలు నంబరు, ఏ ప్యాకెట్, అప్పుడు తెర మీద ఏం కనిపించింది, ఇవన్నీ మీకంటే, నాకంటే వాడికే బాగా తెలుసు. ప్రతి కొనుగోలుకూ ఆ రోజు నుంచి రెండేళ్లే గడువు, మొదటిది జనవరి నెలది. జాబితా పూర్తయ్యాక మెమో కాపీతో కలిపి నాకు పంపండి, ఉత్తరం నేను చూసి సరిచేసి ఇస్తాను.