హైరింగ్ స్కోర్‌ను నమ్మాలా, మేనేజర్ అంచనానా?

మీ కంపెనీలో హైరింగ్ స్కోర్ (ఉద్యోగానికి అప్లై చేసినవాళ్లకు సాఫ్ట్‌వేర్ వేసే మార్కులు), అట్రిషన్ డాష్‌బోర్డ్ (ఎవరు ఉద్యోగం మానేసేలా ఉన్నారో రంగుల్లో చూపే స్క్రీన్) కొత్తగా తెచ్చారు. అవి చెప్పిందే చేయాలా, మేనేజర్ మాట వినాలా అని అడిగారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలా ఏళ్లుగా హెచ్ఆర్ పని చేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

స్కోర్‌కు మనం చూపించిందే తెలుసు. అమెజాన్ 2014లో రెజ్యూమెలకు స్టార్లు వేసే టూల్ తయారుచేయడం మొదలుపెట్టింది. దానికి నేర్పింది పదేళ్ల పాత రెజ్యూమెలతో, వాటిలో ఎక్కువ మగవాళ్లవి. ఇంకేం, 'మహిళల చెస్ క్లబ్ కెప్టెన్' లాంటి మాట కనిపిస్తే మార్కులు కోసేది. చివరికి దాన్ని పక్కన పడేశారు. 2018లో రాయిటర్స్ ఈ సంగతి బయటపెట్టింది. మన దగ్గర టెన్త్, ఇంటర్, బీటెక్ అన్నింట్లో 60 శాతం ఉండాలనే రూల్ కూడా అలాంటిదే. అప్లికేషన్ల కుప్ప తగ్గించుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

అలాగని 'చూడగానే నచ్చాడు' అనే అంచనా గొప్పదేం కాదు. చాలాసార్లు నచ్చేది తమ కాలేజీవాడే! నేను పట్టుబట్టేది ఒక్కటే: అందరికీ అవే ప్రశ్నలు అడగాలి, ప్యానెల్ మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు షీట్‌లో వేసేయాలి. మొదట్లో సీనియర్లు విసుక్కున్నారు గానీ, లీడ్ నోరు తెరవగానే మిగతావాళ్లు అటు మొగ్గడం ఆగింది. 2022లో అమెరికన్ సైకాలజిస్ట్ పాల్ సాకెట్ బృందం పాత పరిశోధనలను మళ్లీ లెక్కగట్టినప్పుడు కూడా, పనితీరును బాగా అంచనా వేసేవాటిలో ఇలా ఒక పద్ధతిలో చేసే ఇంటర్వ్యూలే ముందు నిలిచాయి.

ఉన్నవాళ్లను నిలుపుకోవడం ఇంకా చిక్కు. మా డాష్‌బోర్డ్‌లో ఒక టెస్టర్ పేరు ఎరుపులో వచ్చింది: లాగిన్ లేటు, సెలవులు ఎక్కువ. 'పేపర్లు పెట్టేస్తుంది, బ్యాకప్ చూసుకుందాం' అన్నాడు మేనేజర్. కూర్చోబెట్టి అడిగితే క్యాబ్ రూట్ మార్చారట, ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి ఊరంతా తిప్పి తెస్తున్నారు. షిఫ్ట్ గంట ఆలస్యంగా మొదలయ్యేలా మారిస్తే సరిపోయింది. ఆకుపచ్చలో ఉన్న సీనియర్ డెవలపర్ మాత్రం రిజైన్ చేశాడు. తన దగ్గరే పని నేర్చుకుంటున్న కొత్తవాడి జీతం తనకంటే ఎక్కువని తెలిసింది మరి. ఆ లెక్క పేరోల్‌లో ఉంది, డాష్‌బోర్డ్‌లో ఆ కాలమే లేదు. ఎగ్జిట్ ఫామ్‌లో అందరిలాగే 'బెటర్ ఆపర్చునిటీ' టిక్ పెట్టి వెళ్లాడు. (రిలీవింగ్ లెటర్ చేతికి రాకముందు ఎవరైనా నిజం రాస్తారా?)

మీరైతే ముందు ఆ టూల్ అమ్మిన వెండర్‌ను పిలిచి, స్కోర్ ఏయే కాలమ్స్ చూస్తోందో అడగండి. జీతం తేడా, ఆగిన ప్రమోషన్, మేనేజర్ మారడం అందులో లేకపోతే అట్రిషన్ స్కోర్‌ను 'వెళ్లి మాట్లాడండి' అనే గుర్తుగానే వాడండి. స్కోర్‌ను కాదనే హక్కు మేనేజర్‌కు ఇవ్వండి, కానీ ఎందుకో రెండు లైన్లు రాయించండి. ఆరు నెలలకోసారి ఆ లైన్లు తీసి చూస్తే, ఏ మేనేజర్ అంచనా నిలబడుతోందో, ఎవరిది ఊరికే మొండిపట్టో తెలిసిపోతుంది.