ఏసీ: గ్యాసు నింపించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీకి పన్నెండేళ్లు. ఆర్-22 గ్యాసుది. ఏటా ఎండలు మొదలవగానే గ్యాసు పట్టిస్తున్నాం. ఇప్పుడు కంప్రెసర్ పోయింది, మార్చడానికి 13 వేలు అంటున్నారు. మిద్దె కింది గది, 12 అడుగులకు 12. కొత్తది పెడితే మొత్తం ఎంతవుతుంది? గోడలో ఉన్న పాత పైపులు వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: ఆ 13 వేలు దండగ, మార్చేయండి. గ్యాసు వాడుకకు అరిగిపోయేది కాదు. ఏటా తగ్గుతోందంటే లీకు ఉన్నట్టే. దాన్ని పట్టకుండా కంప్రెసర్ వేస్తే వచ్చే వేసవికి మళ్లీ ఇదే తంతు. పైగా ఆర్-22ను ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దశలవారీగా మాన్పిస్తున్నారు, 2030 తర్వాత దొరకడం కష్టం.

ఒకటిన్నర టన్ను త్రీస్టార్ ఇన్వర్టర్ ఏసీ ఇంచుమించు 40 వేలనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి పాత ధరలు చెబితే ఒప్పుకోవద్దు. ఫిట్టింగుకు 1,500–2,000, స్టాండుకు వెయ్యి లోపు. పెట్టెలో సాధారణంగా 3 మీటర్ల పైపే వస్తుంది. మీ ఔట్‌డోర్ యూనిట్ 6 మీటర్ల దూరంలో ఉంటే మిగతా రాగి పైపుకు మీటరుకు 800–1,000 చొప్పున మూడు వేల దాకా అవుతుంది. వైరు, డ్రెయిన్ పైపు కలిపితే 47–48 వేలు. పాతదానికి ఎక్స్ఛేంజ్ ధర, తుక్కు ధర రెండూ అడగండి, లోపల రాగి ఉంటుంది.

పాత పైపులు మాత్రం వద్దు. ఆర్-22 యంత్రాల్లో వాడేది మినరల్ ఆయిల్, కొత్త ఆర్-32 గ్యాసు ఏసీల్లో వేరే నూనె. రెండూ సరిగా కలవవు, పైపులో మిగిలిన జిడ్డు కొత్త కంప్రెసర్‌లోకి చేరుతుంది. ఆర్-32 పీడనం కూడా దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. గోడ పగలగొట్టడం ఇష్టం లేకుంటే కొత్త పైపు బయటినుంచి కేసింగ్‌లో వేయించుకోండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒక్కటే: పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు. కొందరు మెకానిక్‌లు పంపు పెట్టకుండా కాస్త గ్యాసు వదిలి గాలి బయటకు తోసేస్తారు. పైపులో మిగిలిన తేమ కొత్త నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్ వైండింగును తినేస్తుంది. కనీసం అరగంట పంపు నడవాలి, ఆపాక పీడనం చూపే మీటరు ముల్లు కదలకూడదు. కదిలితే పైపులను యూనిట్లకు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గరే చూడండి, లీకులు ఎక్కువగా అక్కడే.

త్రీస్టారా, ఫైవ్‌స్టారా అన్నది లేబుల్ చూసి తేల్చుకోండి. అందులోని యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి. రెండింటికీ తేడా 200 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి మిగిలేది 1,600. ధర 8 వేలు ఎక్కువైతే రాబట్టుకోవడానికి ఐదేళ్లు. రాత్రి నాలుగు గంటలు వాడే ఇంటికి త్రీస్టార్ చాలు.

ప్రశ్న: ఏసీ బదులు కూలర్ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, సాయినగర్, అనంతపురం

జవాబు: ఏప్రిల్, మే నెలల పొడి ఎండకు సరిపోతుంది. కిటికీలో బిగించి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. వానలు మొదలయ్యాక గది జిగటగా మారడం తప్ప లాభం లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ప్యాడ్లకు తెల్లగా గార పడుతుంది, వారానికోసారి ట్యాంకు ఖాళీ చేయండి. ఏసీ ఉన్న గదిలో మాత్రం కూలర్ వేయకండి: అది పెంచిన తేమను ఏసీ తీయాలి, బిల్లు పెరుగుతుంది.