తెల్ల జింక కనిపిస్తే ముందు ముక్కు చూడండి

పాఠకుల ప్రశ్నలకు వన్యప్రాణుల వైద్యుడిగా పనిచేసి రిటైరైన మా డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన నెల మునిమాపు వేళ అడవి పక్క రోడ్డులో కారులో వస్తుంటే జింకల మందలో ఒకటి తల నుంచి తోక దాకా తెల్లగా కనిపించింది. మావారు మేక అన్నారు. ఆపి చూస్తే జింకే! ఫోన్‌తో ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. మా అబ్బాయి అది అల్బినో అనీ, ఎక్కువ కాలం బతకదనీ అంటున్నాడు. నిజమేనా? మిగతా జింకలు దాన్ని వెలివేయవా?
– ఒక పాఠకురాలు

జవాబు: మేక అనుకున్నందుకు మీవారిని ఏమీ అనకండమ్మా. ఆ వెలుతురులో మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది అలాగే అనుకుంటారు. మీ అబ్బాయి తీర్పు మాత్రం కాస్త తొందరపాటు. జింకల కంట్లో రెటీనా వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. హెడ్‌లైటు పడినా ఫ్లాష్ పడినా మామూలు జింక కళ్లు కూడా ధగధగలాడతాయి. కాబట్టి రాత్రి ఫొటోలో కంటి రంగు చూసి ఏదీ తేల్చలేం.

మీ ఫొటోను పెద్దది చేసి ముక్కు చూడండి. నల్లగా ఉందా? గిట్టలు కూడా ముదురు రంగేనా? అయితే అది అల్బినో కాదు, ల్యూసిజం ఉన్న జింక. దానికి వెంట్రుకల్లోనే రంగు లేదు. కళ్లు మామూలుగా గోధుమ రంగులోనే ఉంటాయి, చూపుకు లోటుండదు. అల్బినోలో శరీరం రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారు చేసుకోలేదు. అందుకని ముక్కు గులాబీ రంగులో, గిట్టలు పాలిపోయి, పగటి వెలుతురులో కూడా కళ్లు గులాబీ రంగులో కనిపిస్తాయి. లోపలి రక్తనాళాల రంగే అలా బయటికి కనబడుతుంది.

తేడా రంగుతో ఆగదు. పిండ దశలో కన్ను సరిగ్గా ఎదగడానికి కూడా మెలనిన్ కావాలి. అది లేకపోతే చూపు మందగిస్తుంది, ఎండ భరించలేవు. జూలో నా చేతి మీదుగా పెరిగిన ఒక అల్బినో ఆడ జింక మధ్యాహ్నమంతా గోడ నీడను వదిలేది కాదు. మేత బకెట్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డా నన్ను చూసేది కాదు. ముందు చెవులు నావైపు తిరిగేవి, తర్వాత ముక్కు పైకెత్తి గాలి పీల్చేది, ఆ తర్వాతే అడుగు కదిపేది. కళ్లు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ సన్నగా కదులుతూనే ఉండేవి. అడవిలో అయితే ఆ లోపంతో పులి నుంచో తోడేలు నుంచో ఎన్నాళ్లు తప్పించుకోగలదు? మీ అబ్బాయి మాట అల్బినోల విషయంలో చాలావరకు నిజం. ల్యూసిజం ఉన్నవాటికి చూపు బాగానే ఉంటుంది కానీ పచ్చటి పొదల్లో దాక్కోలేవు. మంచు కురిసే చోట మాత్రం ఆ నాలుగు నెలలూ వాటికే లాభం.

శత్రువు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో తేలింది. అక్కడి సెనెకా సైనిక డిపో చుట్టూ 1941లో సుమారు 39 కిలోమీటర్ల కంచె వేశారు. తెల్లతోక జింకల చిన్న మంద ఒకటి లోపల ఉండిపోయింది. 1949లో అందులో ఒక తెల్ల మగ జింక కనిపించింది. తెల్లవాటిని కాల్చకూడదని తర్వాత డిపో కమాండర్ ఆదేశించాడు. గోధుమ రంగు వాటికి ఆ రక్షణ లేదు. అంతే, కొన్ని దశాబ్దాల్లో తెల్లవి దాదాపు రెండు వందలయ్యాయి. అవి అల్బినోలు కావు, గోధుమ కళ్లున్న ల్యూసిజం జింకలే. దాన్ని ప్రకృతి వింత అంటారు గానీ, నన్నడిగితే సగం పని కంచె చేసింది, మిగతా సగం తుపాకీ చేసింది.

జన్యువు లెక్క కూడా చెబుతాను. తల్లీ తండ్రీ మామూలు రంగులోనే ఉండి, ఇద్దరిలోనూ తెల్ల రంగుకు కారణమైన జన్యువు ఒక్కో కాపీ దాగి ఉంటే, పుట్టే ప్రతి పిల్లా తెల్లగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మీరు చూసిన మందలో గోధుమ రంగు జింకలు కొన్ని ఆ జన్యువును మోస్తూ ఉండొచ్చు.

ఇక వెలివేత సంగతి. మీరే చూశారుగా, అది మందలోనే ఉంది. జింకలు ఒకదాన్నొకటి ప్రధానంగా వాసనతో గుర్తుపడతాయి. పిల్ల పుట్టగానే తల్లి దాన్ని నాకి, ఆ వాసననూ అరుపునూ పట్టుకుంటుంది. రంగు పట్టింపు మనకే.

ప్రశ్న: నేను చూసిన జింకకు ఒళ్లంతా తెలుపు, గోధుమ రంగు పెద్ద పెద్ద మచ్చలు. నడక కూడా వంకరగా ఉంది. ఏదైనా రోగమా?
– ఒక ట్రెక్కింగ్ ప్రియుడు

జవాబు: దాన్ని పైబాల్డ్ అంటారు. రోగం కాదు, అంటుకోదు, పుట్టుకతో వచ్చేదే. అలాంటి జింకల్లో కొన్నింటికి వెన్ను వంకర, పొట్టి కాళ్లు, వంపు తిరిగిన ముక్కు, కురచ కింది దవడ కూడా ఉంటాయి. మీరు చూసిన నడక దానివల్లే కావచ్చు. కొన్నింటికి మచ్చలు తప్ప ఏ లోపమూ ఉండదు. దూరం నుంచి చూసి జాలిపడి పట్టుకోబోకండి. బెదిరి పరిగెత్తితే కాలు విరుగుతుంది.

ప్రశ్న: గడ్డిలో తెల్ల జింక పిల్ల ఒంటరిగా పడుకుని ఉంది, చుట్టూ తల్లి జాడ లేదు. ఇంటికి తెచ్చి పాలు పడదామని మా తమ్ముడు అన్నాడు. వద్దని ఆపాను. సరిగ్గానే చేశానా?
– ఒక పాఠకుడు

జవాబు: శభాష్, సరిగ్గానే చేశారు! తల్లి జింక పిల్లను గడ్డిలో పడుకోబెట్టి గంటల తరబడి దూరంగా మేస్తుంది. తను పక్కన నిలబడితే తన వాసనే శత్రువుకు దారి చూపిస్తుంది. మామూలు పిల్లలకైతే ఒంటి మీది చుక్కలు ఎండపొడల్లో కలిసిపోతాయి. తెల్లదానికి ఆ అదృష్టం లేదు, కాబట్టి మీరు అక్కడ నిలబడటమే దానికి పెద్ద ప్రమాదం. మీ తమ్ముడికి చెప్పండి: ఆవు పాలు జింక పిల్లకు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒంటి మీద గాయమున్నా, ఈగలు ముసురుతున్నా, పక్కనే తల్లి చచ్చి పడి ఉన్నా అటవీశాఖకు ఫోన్ చేయండి, మీరు ముట్టుకోకండి.

ప్రశ్న: తెల్ల జింక ఫొటో దొరికింది. సోషల్ మీడియాలో పెట్టమని ఫ్రెండ్స్ ఒకటే గొడవ. పెట్టనా?
– కాలేజీ విద్యార్థిని

జవాబు: పెట్టుకో తల్లీ, ఎక్కడ తీశావో మాత్రం పెట్టకు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటోలోనే ఆ చోటు వివరం నమోదవుతుంది, ముందు దాన్ని తీసెయ్. వెనకాల గుడో, టవరో, మైలురాయో కనబడితే కత్తిరించు. తెల్ల తోలు మీద ఆశపడేవాళ్లు ఉన్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం లాంటి చోట పూర్తి తెల్ల జింకను వేటాడకూడదని ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. అన్నట్టు, ఆ ఫొటోలో ముక్కు స్పష్టంగా ఉంటే నాకొక కాపీ పంపించు. అల్బినోనో కాదో చూసి చెబుతాను.