ఇంటి సర్వర్‌లో కొత్త హార్డ్ డిస్క్ రీబూట్ తరువాత కూడా నిలవాలంటే ఏం చేయాలి?

ఉబుంటు సర్వర్‌లో 4 టీబీ డిస్క్ బిగించి మౌంట్ చేశానని (అంటే ఒక ఫోల్డర్‌కు జోడించానని), రీబూట్ చేయగానే అది మాయమవుతోందని మీరు అడిగారు. చేత్తో ఇచ్చిన మౌంట్ కమాండ్ యంత్రం ఆగేవరకే చెల్లుతుంది. శాశ్వతం కావాలంటే, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైలులో ఒక వరుస చేర్చాలి.

ఆ వరుసలో, సిస్టమ్ డిస్క్‌కు ఇచ్చే ఎస్‌డీబీ1 (sdb1) వంటి పేరు రాయకండి. మరో డిస్క్ చేర్చినా, కేబుల్ వేరే పోర్టుకు మార్చినా ఆ పేరు మారిపోవచ్చు కనుక, బీఎల్‌కేఐడీ (blkid) కమాండ్ చూపే యూయూఐడీనే, అంటే దానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యనే రాయాలి. ఆ వరుసలోనే, డిస్క్ లేకపోయినా బూట్ ఆగకుండా చూసే నోఫెయిల్ (nofail) అనే ఆప్షన్ తప్పనిసరిగా ఉంచమని నా సలహా. అది లేకపోతే, డిస్క్ చెడిపోయిన రోజున, బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, మరమ్మతు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. మానిటర్ లేకుండా అటక మీద నడిచే సర్వర్ అప్పుడు మరో కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కు కూడా అందదు. ఫైలు సేవ్ చేశాక, డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి, ఆ ఫైలులోని వరుసలను మౌంట్ చేసే ‘మౌంట్ -ఏ’ (mount -a) ఇచ్చి చూడండి. తప్పు ఉంటే రీబూట్‌కు ముందే బయటపడుతుంది.

డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్‌లో 4 టీబీ డిస్క్ 3.6టీగా కనిపించడం సహజమే, అది 1024 లెక్కన చూపుతుంది. యాజమాన్య హక్కులు మాత్రం మౌంట్ అయిన తరువాతే చౌన్ (chown) కమాండ్‌తో మార్చాలి, ఎందుకంటే ముందే మారిస్తే అవి కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌కు వర్తిస్తాయి, డిస్క్ మౌంట్ కాని రోజున మీ బ్యాకప్‌లు ఆ ఫోల్డర్‌లోకే చేరి సిస్టమ్ డిస్క్‌ను నింపేస్తాయి.