న్యూజెర్సీ రీఫండ్ స్టేటస్‌లో ఏమీ కనపడట్లేదు, ఇండియా వచ్చేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నమస్తే సర్. 2024 అంతా నేను పెన్సిల్వేనియాలో బక్స్ కౌంటీలో రూమ్మేట్‌తో ఉంటూ రోజూ కారేసుకుని న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గర ఆఫీసుకి వెళ్ళేవాడిని. హెచ్1బీ, పెళ్ళి కాలేదు. జీతం 92,000 డాలర్లు. డబ్ల్యూ-2 లో (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, ట్యాక్స్ లెక్కల కాగితం) న్యూజెర్సీ స్టేట్ ట్యాక్స్ 3,906 డాలర్లు కట్ అయింది, పెన్సిల్వేనియాకి ఏమీ కట్ కాలేదు. 2025 మార్చిలో ఫ్రెండ్ పక్కన కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో ఫెడరల్, రెండు స్టేట్లు అన్నీ ఫైల్ చేసిపెట్టాడు. పెన్సిల్వేనియాకి కట్టాల్సింది సున్నా అని వచ్చింది. ఫెడరల్ రీఫండ్ మూడు వారాల్లో పడిపోయింది. న్యూజెర్సీ వాళ్ళ స్టేటస్ పేజీలో ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్), 3,906 కొడితే మాత్రం మ్యాచ్ అవ్వట్లేదు అంటోంది, పదిసార్లు చూశా. ఆగస్టులో జాబ్ పోయి హైదరాబాద్ వచ్చేశాను, అక్కడి బ్యాంక్ అకౌంట్ కూడా క్లోజ్ చేసేశా. నాన్నగారేమో ఆ డబ్బు ఇక గోవిందా అంటున్నారు. గట్టిగా అడిగితే రేపు వీసా స్టాంపింగ్‌లో ఇబ్బంది అవుతుందా?

జవాబు: ముందు ఆ ఆఖరి భయం తీసేస్తాను. రీఫండ్ స్టేటస్ చూసుకోవడం, ఫోన్ చేసి అడగడం, తప్పుంటే సరిదిద్దిన రిటర్న్ వేయడం, ఇవన్నీ మామూలు పనులు, వీటివల్ల వీసాకి ఏమీ కాదు. ఇబ్బంది వచ్చేది కట్టాల్సింది కట్టకుండా వదిలేస్తే, దాని సంగతి కిందకి వస్తాను, మీ కేసులో అది కూడా ఉంది మరి.

స్టేటస్ ఎందుకు మ్యాచ్ అవ్వట్లేదు అంటే, మీరు కొడుతున్న నంబరే తప్పు. 3,906 అనేది డబ్ల్యూ-2 లో 17వ బాక్సులో ఉన్న అంకె, అంటే ఏడాది పొడుగునా మీ జీతంలోంచి పట్టుకున్న మొత్తం. ఆ పేజీ అడిగేది అది కాదు, మీరు వేసిన న్యూజెర్సీ రిటర్న్‌లో చివర్లో "రీఫండ్" అని ఏ అంకె వచ్చిందో అది. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, కొంతమందైతే ఫెడరల్ రీఫండ్ అంకె తెచ్చి స్టేట్ పేజీలో కొట్టి కంగారు పడతారు. ఫెడరల్ ట్యాక్స్ చూసే ఐఆర్‌ఎస్ వేరు, స్టేట్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ వేరు, ఒకరి లెక్క ఇంకొకరి పేజీలో కనపడదు. మన దగ్గర ఇన్‌కమ్ ట్యాక్స్ అంటే సెంట్రల్ ఒక్కటే కదా, జీతం మీద రాష్ట్రానికి పోయేది నెలకి 200 రూపాయల వృత్తి పన్నే, అందుకే మీ నాన్నగారికి ఈ రెండు రీఫండ్ల గోల వింతగా ఉండి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు మాటల్లో పడేసి వెళ్ళిపోయారు గానీ నాకు మీ ఉత్తరంలో దొరికిన తీగ "పెన్సిల్వేనియాకి కట్టాల్సింది సున్నా అని వచ్చింది" అన్నది. పెన్సిల్వేనియా స్టేట్ ట్యాక్స్ జీతం మీద ఫ్లాట్‌గా 3.07 శాతం, 92,000 మీద అది 2,824 డాలర్లు. మీకు వాళ్ళకి ఒక్క డాలర్ కట్ కాలేదు, అయినా కట్టాల్సింది సున్నా ఎలా వస్తుంది? ఒకే ఒక్క దారి. మీ ఫ్రెండ్ న్యూజెర్సీ రిటర్న్‌లో మీ జీతం మొత్తాన్ని న్యూజెర్సీ ఆదాయంగా చూపించి, అక్కడ కట్టిన ట్యాక్స్‌కి పెన్సిల్వేనియాలో క్రెడిట్ (ఆ మేరకు ఇక్కడి ట్యాక్స్‌లో తగ్గింపు) తీసుకుని ఉంటాడు. వేరే చాలా స్టేట్ల మధ్య అయితే, ఉదాహరణకి న్యూజెర్సీలో ఉండి న్యూయార్క్‌లో పనిచేసేవాళ్ళకి, అదే కరెక్ట్ పద్ధతి. పాపం అతను అదే అలవాటులో చేసి ఉంటాడు, అతన్ని తిట్టకండి, నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ప్రతి ట్యాక్స్ సీజన్‌లో ఇలాంటివి చూస్తూనే ఉంటాను.

కానీ పెన్సిల్వేనియాకి న్యూజెర్సీకి మధ్య ఒక ఒప్పందం ఉంది, రెసిప్రోకల్ అగ్రిమెంట్ అంటారు. పెన్సిల్వేనియాలో నివాసం ఉండి న్యూజెర్సీలో ఉద్యోగం చేసేవాడి జీతం మీద న్యూజెర్సీ ట్యాక్స్ వేయకూడదు, అటువాళ్ళు ఇటు వచ్చి చేసినా అంతే, ఎవరి ఇల్లు ఎక్కడుంటే ఆ స్టేట్‌కే కట్టాలి. జీతం, బోనస్ లాంటివాటికే ఇది, సొంత వ్యాపారానికో న్యూజెర్సీలో ఇల్లు అమ్మితే వచ్చే లాభానికో వర్తించదు. 2016లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ దీన్ని 2017 జనవరి 1 నుంచి ఎత్తేస్తాం అని ప్రకటించి, మళ్ళీ నవంబర్‌లో వెనక్కి తీసుకున్నాడు, ఆ దాదాపు మూడు నెలలు నా ఫోన్ ఆగలేదు. అందుకని ఒప్పందం ఇప్పుడు లేదేమో అని కొందరు అనుకుంటూ ఉంటారు, ఉంది.

అంటే మీ జీతం మీద న్యూజెర్సీకి రావాల్సింది సున్నా. చేరిన రోజు మీరు ఎన్‌జే-165 అనే ఒక చిన్న ఫారం హెచ్‌ఆర్‌కి ఇచ్చి ఉంటే అసలు కట్ చేసేవాళ్ళే కాదు. ఆ ఫారం గురించి ఎవరూ చెప్పరు, చేరినరోజు సంతకం పెట్టించే కట్టలో అది ఉండదు, మనమే అడగాలి. ఇవ్వకపోయినంత మాత్రాన హక్కు పోదు, న్యూజెర్సీలో నివాసం లేనివాళ్ళు వేసే 1040 ఎన్‌ఆర్ రిటర్న్‌లో జీతం మొత్తం ఆదాయం కాలమ్‌లో చూపించి న్యూజెర్సీ కాలమ్‌లో సున్నా వేసి కట్ అయిందంతా వెనక్కి అడగొచ్చు.

మీ ఫ్రెండ్ వేసిన పద్ధతిలో ఎంత వచ్చి ఉంటుందో నేనే వేసి చూశా. 92,000లోంచి పర్సనల్ ఎగ్జెంప్షన్ (ట్యాక్స్ పడని మొత్తం) 1,000 తీసేస్తే 91,000, సింగిల్ రేట్ల ప్రకారం దానికి న్యూజెర్సీ ట్యాక్స్ దాదాపు 3,670. కట్ అయింది 3,906. తేడా 236. కాబట్టి ఆ స్టేటస్ పేజీలో 236 కొట్టి చూడండి, లేదా అంతకన్నా మంచిది, మీ రిటర్న్ పీడీఎఫ్ తీసి రీఫండ్ లైన్‌లో ఏముందో అదే కొట్టండి, బ్యాంక్ వడ్డీ లాంటివి ఉంటే నా లెక్కకి ఒకటి రెండు డాలర్లు అటూ ఇటూ ఉంటుంది. ఇంకోటి, మీరు క్లోజ్ చేసిన అకౌంట్ పాత స్టేట్‌మెంట్లు ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒకసారి తిరగేయండి, అందులో ఆ చిన్న అంకె ఎప్పుడో పడిపోయి ఉన్నా నేను ఆశ్చర్యపోను, మనిషి 3,906 కోసం చూస్తుంటే 236 కంటికి ఆనదు. పీడీఎఫ్‌లో ఉన్న అంకె కొట్టినా దొరకకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ అయి న్యూజెర్సీ రిటర్న్ పక్కన "యాక్సెప్టెడ్" అని ఉందో "రిజెక్టెడ్" అని ఉందో చూడండి, ఫెడరల్ యాక్సెప్ట్ అయ్యి స్టేట్ రిజెక్ట్ అవడం, సాఫ్ట్‌వేర్ స్టేట్ రిటర్న్‌కి విడిగా డబ్బులు అడిగితే ఆ స్క్రీన్ దగ్గర ఆపేసి మర్చిపోవడం, రెండూ జరిగేవే. ఈ-ఫైల్ చేస్తే కనీసం 4 వారాలు, పేపర్ అయితే కనీసం 12 వారాలు పడుతుందని న్యూజెర్సీ వాళ్ళే చెప్తారు, మీది రెండూ దాటిపోయాయి కాబట్టి "ఇంకా ప్రాసెస్ కాలేదేమో" అని కూర్చోవద్దు.

సరే, రావాల్సింది మొత్తం 3,906, అందులో 236 పోతే ఇంకా 3,670 న్యూజెర్సీ నుంచి అడగాలి. దీనికి అదే 1040 ఎన్‌ఆర్ ఫారం మీద అమెండెడ్ (సరిదిద్దినది) అని గుర్తు పెట్టి మళ్ళీ వేయాలి, మొదటిది అసలు వెళ్ళనే లేదని తేలితే మామూలుగానే వేయండి. పెన్సిల్వేనియా రిటర్న్ (పీఏ-40) కాపీ, ఇంటి లీజు, పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్స్ కాపీ దగ్గర పెట్టుకోండి, వాళ్ళు "నువ్వు నిజంగా అక్కడే ఉన్నావని రుజువేంటి" అని ఉత్తరం రాస్తే చూపించేది అవే. లీజు రూమ్మేట్ పేరు మీదే ఉంటే కరెంటు బిల్లో కార్ ఇన్సూరెన్సో ఏదో ఒకటి మీ పేరు మీద ఆ అడ్రస్‌తో వెతకండి.

ఇప్పుడు చేదు మాట. పెన్సిల్వేనియా రిటర్న్‌ని కూడా పీఏ-40ఎక్స్ షెడ్యూల్‌తో సరిదిద్దాలి, ఎందుకంటే ఒప్పందం ఉన్న స్టేట్లలో జీతం మీద కట్టిన ట్యాక్స్‌కి పెన్సిల్వేనియా క్రెడిట్ ఇవ్వదు. అక్కడ 2,824 కట్టాలి, పైన వడ్డీ, కొద్దిగా పెనాల్టీ. అదీ గాక మీరున్న టౌన్‌షిప్‌లో లోకల్ ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ (జీతం మీద ఊరికి కట్టే పన్ను) ఉందేమో చూడండి, బక్స్ కౌంటీలో కొన్ని చోట్ల అసలు ఉండదు, ఉన్న చోట మామూలుగా 1 శాతం, అంటే ఇంకో 920. లెక్క వేయండి: న్యూజెర్సీ నుంచి రావాల్సిన 3,670లో పెన్సిల్వేనియాకి 2,824 పోతే 846 మిగులుతుంది, లోకల్ ట్యాక్స్ ఉంటే మాత్రం 74 డాలర్లు మీరే ఎదురు పెట్టాలి.

"ఇంత చేసి నాకు మిగిలేది ఇదా, అయితే వదిలేస్తా" అంటారేమో. వద్దు. ఇద్దరు ముగ్గురు క్లయింట్లు అలాగే వదిలేసి తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఏమవుతుందంటే, పెన్సిల్వేనియా వాళ్ళు ఎప్పుడో ఆ క్రెడిట్ చూసి "న్యూజెర్సీ జీతానికి ఇది చెల్లదు" అని కొట్టేసి 2,824కి వడ్డీతో నోటీసు పంపిస్తారు, అది రెండేళ్ళ తర్వాత వచ్చినా ఆశ్చర్యం లేదు. అప్పుడు న్యూజెర్సీకి పరిగెత్తితే అక్కడ తలుపు మూసేసి ఉంటుంది. న్యూజెర్సీలో రీఫండ్ అడగడానికి రిటర్న్ వేసిన దగ్గర్నుంచి 3 ఏళ్ళు, గడువుకి ముందే వేసినా ఏప్రిల్ 15నే వేసినట్టు లెక్క, మీ 2024 రిటర్న్‌కి అది 2028 ఏప్రిల్ 15. రిటర్న్ అసలు వెళ్ళలేదంటే ట్యాక్స్ కట్టిన దగ్గర్నుంచి 2 ఏళ్ళ లెక్క వస్తుంది, ఇంకా తక్కువ టైమ్. గడువు దాటిందంటే ఒకే జీతం మీద రెండు స్టేట్లకీ కట్టినట్టు, నాన్నగారన్న గోవిందా అప్పుడు నిజమవుతుంది. కాబట్టి రెండూ ఒకేసారి పంపండి, న్యూజెర్సీ డబ్బు వచ్చాక పెన్సిల్వేనియాకి కడదాంలే అని ఆగకండి, అక్కడ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, మైపాత్ అనే వాళ్ళ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే కట్టేయొచ్చు.

ఒకవేళ న్యూజెర్సీ మీ క్లెయిమ్ కొట్టేసి నోటీసు ఇస్తే దాని మీద ఉన్న తేదీ నుంచి 90 రోజుల్లో రాతపూర్వకంగా ప్రొటెస్ట్ వేయాలి. ఆ ఉత్తరం పాత ఇంటికి వెళ్ళి అక్కడే పడి ఉంటే ఆ 90 రోజులూ మీకు తెలియకుండానే అయిపోతాయి, అందుకే అన్నిటికన్నా ముందు అడ్రస్ మార్పించుకోండి. హైదరాబాద్ అడ్రస్ ఇవ్వొచ్చు, కానీ చెక్కు హైదరాబాద్ వస్తే మాత్రం తలనొప్పి, స్టేట్ గవర్నమెంట్ డాలర్ చెక్కు ఇండియా బ్యాంకులు చాలావరకు తీసుకోవట్లేదు, తీసుకున్నా కలెక్షన్‌కి పంపి నెలలు తిప్పుతారు, చార్జీలు వేరే. ఫ్రెండ్ పేరు మీద అకౌంట్‌లో వేయించుకుందాం అనుకోకండి, చెక్కు మీ పేరు మీద వస్తుంది, వెనకాల సంతకం పెట్టి ఇచ్చినా చాలా బ్యాంకులు ఒప్పుకోవు. మీకు ఇంకేదైనా పాత యూఎస్ అకౌంట్ బతికుందేమో చూడండి, ఉంటే అమెండెడ్ రిటర్న్ వేసేటప్పుడు నమ్మకమైన మనిషి ఇంటి అడ్రస్ కేరాఫ్ పెట్టి, చెక్కు వచ్చాక వాళ్ళు మీకు కొరియర్ చేస్తే సంతకం పెట్టి యాప్‌లో ఫోటో తీసి డిపాజిట్ చేసుకోవచ్చు. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెప్తున్నా, ఇండియా వచ్చేసేటప్పుడు ఆ ఏడాది రీఫండ్లన్నీ పడేదాకా ఒక అకౌంట్ మూయొద్దు.

అమెరికాలో ఉన్న ఎవరైనా మీ తరపున న్యూజెర్సీ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడాలంటే ఎం-5008-ఆర్ ఫారం మీద మీరు సంతకం పెట్టాలి, నోటిమాట చెల్లదు. ఎస్‌ఎస్‌ఎన్, రీఫండ్ అంకె రెండూ ఉంటే స్టేటస్ ఎవరైనా చూసేయగలరు కాబట్టి దయచేసి ఆ రెండూ కలిపి ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. పేపర్ మీద పంపాల్సి వస్తే న్యూజెర్సీ ట్యాక్స్ వాళ్ళ ట్రెంటన్ అడ్రస్ పోస్ట్ బాక్స్ అయి ఉంటుంది, ప్రైవేట్ కొరియర్ వాళ్ళు పోస్ట్ బాక్స్‌కి డెలివరీ ఇవ్వరు, స్పీడ్ పోస్ట్‌లోనే పంపి రసీదు దాచుకోండి.

ఇవాళ చేయాల్సిన పని మాత్రం ఒకటే, అమెరికాలో తెల్లారాక ఆ పాత రూమ్మేట్‌కి ఫోన్ కొట్టి మెయిల్‌బాక్స్‌లో మీ పేరుతో ట్రెంటన్ నుంచో, పెన్సిల్వేనియా ట్యాక్స్ వాళ్ళుండే హారిస్‌బర్గ్ నుంచో వచ్చిన కవర్లు ఏమైనా ఉంటే విప్పి అన్ని పేజీలూ ఫోటోలు తీసి పంపమనండి. హారిస్‌బర్గ్ కవరు ఉంటే అందులో పైన ఉన్న తేదీ నాకు వెంటనే రాయండి.