‘ణ’తో పాపకు పేరెలా?

ప్రశ్న: మా పాపది హస్తా నక్షత్రం, మూడో పాదం. ‘ణ’తో పేరు పెట్టాలని పంతులుగారు చెప్పారు. ఎవరికీ లేని పేరు కావాలంటారు మావారు. ఫోన్‌లో ఏదో యాప్ చూసి ‘నైరిష’ అని ఎంచారు, ‘దేవతల వెలుగు’ అని అర్థం ఉందట. మా అత్తగారేమో మా ఊరి దేవత నూకాలమ్మ పేరు కలవాలంటున్నారు. బారసాల దగ్గర పడింది. ఏం చేయను?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: ముందు కంగారు పడకండమ్మా. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే రాయించాలని లేదు. ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

‘ణ’తో మొదలయ్యే తెలుగు మాటే లేదు. సంస్కృతంలోనూ పిల్లకు పెట్టదగ్గది దొరకదు. హస్త నాలుగు పాదాలకూ పూ, ష, ణ, ఠ అక్షరాలు. ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు అదే నక్షత్రంలోని ‘పూ’ తీసుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. పంతులుగారిని అడగండి, కాదనరనే అనుకుంటున్నాను.

‘నైరిష’ చెవికి ఇంపుగానే ఉంది. కానీ ‘నైర’ అంటే దేవతలు కారు, ‘ష’ అంటే వెలుగూ కాదు. అక్షరాలు కూర్చి, పక్కన ఒక అందమైన అర్థం రాసిపెట్టారంతే. నీహారిక అనే పేరుంది చూడండి, నీహారమంటే మంచు. రేపు పిల్ల అడిగితే నిఘంటువు తీసి చూపించవచ్చు. ఆ పాటి ఆధారం లేని పేరు బిడ్డకు పెట్టకండని బతిమాలుతున్నాను.

ఇక మీ అత్తగారి మాట. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు ‘సాయి’ అంటే నలుగురు పలికేవారు, నూకరత్నం అంటే ఒక్కతే. పైడిరాజు అనగానే విజయనగరం పైడితల్లి, ఓబులేసు అనగానే అహోబిలం నరసింహస్వామి గుర్తొస్తారు. ఇంటి పేరుకన్నా ముందే ఊరు చెప్పేసే పేర్లవి. మీవారు కోరే ప్రత్యేకత మీ ఇంట్లోనే ఉంది.

నా సలహా: పూర్ణాంబిక. హస్తకు చెందిన ‘పూ’ వచ్చింది. నూకాలమ్మను నూకాంబిక అనే కదా కొలుస్తారు, ఆ అంబిక కలిసింది. పూర్ణ, అంబిక: సవర్ణదీర్ఘ సంధి, నిండైన తల్లి అని అర్థం. ఇంట్లో పూర్ణా అని పిలుచుకోండి.

ప్రశ్న: మా తాత పేరు పెంటయ్య. కొడుక్కి ఆ పేరు పెట్టమని నాన్న అడుగుతున్నాడు. నలుగురూ నవ్వుతారని నా భయం. అసలు అలాంటి పేరెందుకు పెట్టేవారు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ బిడ్డనైనా మృత్యువు కన్ను పడకుండా దాచుకోవాలని పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు ఎత్తుకునేవారు. ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించిన బిడ్డ పుల్లయ్య. మీ ముత్తవ్వ కడుపుకోత ఆ పేరులో ఉందేమో, నాన్నగారిని అడిగి తెలుసుకోండి. బడిలో చెప్పుకోవడానికి మీకు నచ్చిన పేరు రాయించండి, తప్పులేదు. తొట్టెలలో వేసేనాడు చెవిలో చెప్పే పేర్లలో మాత్రం పెంటయ్య ఉండనివ్వండి.