మేనేజర్లకు మేధో సంపత్తి చట్టం, నైతికత నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"డబ్బులిచ్చాం కాబట్టి అది మనదే" అన్న నమ్మకం దగ్గర మొదలుపెట్టండి. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. బయటి ఫ్రీలాన్సర్ రాసిన కోడ్ అలా కాదు. బిల్లు మొత్తం కట్టేసినా హక్కు మామూలుగా అతనిదే. అది కంపెనీకి రావాలంటే 19వ సెక్షన్ కింద అతని సంతకంతో రాతపూర్వకంగా బదిలీ జరగాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, అందుకే నిజమైన ఒప్పందం చేతికిచ్చి ఈ రెండూ వెతకమనండి.

నైతికతకు వేరే క్లాసు అక్కర్లేదు. పోటీ కంపెనీ నుంచి వచ్చిన కొత్త ఉద్యోగి "పాత ఆఫీసు ధరల షీటు నా దగ్గరుంది, పంపనా?" అంటే ఏం చేస్తారో అడగండి. పంపొద్దని అక్కడికక్కడే చెప్పాలి.